నల్లదారం కట్టిన పెన్ను

ఎవరైనా "అన్నా, పెన్నుందా?" అని అడిగితే ఈ రోజుకీ నా చేతులు చల్లబడతాయి. కువైట్‌లో, సబ్హాన్ అనే చోట ఒక గోదాం గేటు దగ్గర నా ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లారీలు వస్తూనే ఉంటాయి. ప్రతి డ్రైవరూ గేటు కాగితం మీద సంతకం పెట్టాలి, ప్రతివాడూ జేబులు తడుముకుని చివరికి నా వైపే చూస్తాడు. అందుకే ఒక పెన్నును బల్లకు గొలుసేసి కట్టించాను. పిసినారి ముసలోడు అనుకుంటారు. అనుకోనీ. నా చేత్తో ఇంకొకరికి పెన్ను అందించడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒక్కసారి అందించాను, దాని ఫలం నాకంటే నా భార్య ఎక్కువ అనుభవించింది.

మాది రాయచోటి పక్క పల్లె. ఇంటిపని వీసా మీద కువైట్ వచ్చాను. ఆ ఇంటి పెద్దాయనను అందరిలాగే నేనూ బాబా అని పిలిచేవాణ్ణి. ఆయనే నా కఫీల్, అంటే ఆయన పూచీ మీదే నేనీ దేశంలో ఉండాలి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఎప్పటికప్పుడు ఆయన పేరు మీదే కొత్తది చేయించాలి. ఆయన కాగితాలు సరిగా ఉన్నంతకాలమే నావీ సరిగా ఉంటాయి. ఈ సంగతి అప్పట్లో నేను వినడమే గాని ఆలోచించింది లేదు.

ఇల్లు ఫింటాస్‌కు కొంచెం ఇవతల, సముద్రం వైపు. నా పని దివానియాలో. సాయంత్రంపూట మగవాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడుకునే పెద్ద గది అది. వచ్చినవాళ్ళకు గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోయాలి. కూజా ఎడమ చేతిలో, చిన్న కప్పులు కుడి చేతిలో. తాగినాయన కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం, ఊపేదాకా పోస్తూనే ఉండాలి. మొదటి వారం ఆ సంగతి తెలియక ఒక పెద్దమనిషికి పదకొండు కప్పులు పోశాను. ఊపాడు, నేను పోశాను, ఇంకా గట్టిగా ఊపాడు, చెయ్యి వణుకుతోంది పాపమనుకుని కప్పు పట్టుకుని మరీ పోశాను. బాబా ఆ సాయంత్రం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆ దివానియాకు ఇంకెక్కడా లేని ఒక కట్టుబాటుండేది. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టే, జేబులో పెన్ను ఉంటే అది కూడా బయటే వదలాలి. గుమ్మం పక్కన స్టూలు మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూనే పెన్ను తీసి నా చేతికిచ్చేవాళ్ళు, నేను డబ్బాలో వేసేవాణ్ణి, పోయేటప్పుడు ఎవరిది వాళ్ళకిచ్చేవాణ్ణి. రెండు నెలలకల్లా ముఖం చూడకుండా పెన్ను చూసి మనిషిని చెప్పగలిగేవాణ్ణి. అందరూ వెళ్ళిపోయాక బాబా రోజూ ఒకే మాట అడిగేవాడు. "అందరి కలాలూ ఇచ్చేశావా?" అరబ్బీలో కూడా పెన్ను కలమే, కాకపోతే గలమ్ అంటారు. "ఇచ్చేశాను బాబా" అని డబ్బా వంచి చూపించేవాణ్ణి.

నా పెన్ను కూడా ఆ డబ్బా పక్కనే ఉండేది. ఫోన్ కార్డు నంబర్లు రాసుకోవడానికి కొన్న నీలం పెన్ను. వాళ్ళ ఖరీదైనవాటిలో కలిసిపోకుండా దానికి ఒక దారం ముక్క కట్టుకున్నాను. అది నా మొలతాడు తెగితే మిగిలిన ముక్క. నల్లదారంలో ఒక ఎర్ర పోగు కలిపి నా భార్య పేనింది, నేను విమానమెక్కే ముందు.

నా వెనకే ఆమె కూడా కువైట్ వచ్చింది. వేరే ఇంట్లో వంటపని. కారులో గంట దూరం. అయినా మూడు నెలలకొకసారి కనబడితే గొప్ప. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, శుక్రవారం సెలవు కూడా ఇచ్చేది కాదు. బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడు ఫోన్ చేసేది. "తిన్న్యావా?" అనేది. "తింటి. నువ్వో?" అనేవాణ్ణి. అంతలోకే కింద నుంచి ఎవరో అరిచేవాళ్ళు. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాం ఉత్తరాల కాలంలో బతికాం.

పెన్నులంటే ఆ భయమెందుకో బాబా ఒకసారి చెప్పాడు. దివానియాలో ఇంకా ఎవరూ రాలేదు. నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ఆయన నడివయసులో ఇక్కడ సూక్ అల్ మనాఖ్ అని ఒక షేర్ల బజారుండేదట. ఒకప్పుడు ఒంటెల్ని కూర్చోబెట్టే చోటు. అక్కడ డబ్బెవరూ తేలేదు. రాబోయే నెల తేదీ, రాబోయే సంవత్సరం తేదీ వేసి చెక్కు రాసేవాళ్ళు. కారు బానెట్ మీద రాసేవాళ్ళు, ముందున్నవాడి వీపు మీద పెట్టి రాసేవాళ్ళు. జేబులో పెన్నుంటే చాలు, ధనవంతుడే. ఒకడు తేదీ రాకముందే బ్యాంకుకు పోయి డబ్బు కావాలన్నాడు. ఇచ్చేందుకు ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఒకరి చెక్కు మీద ఒకరు నిలబడ్డవాళ్ళంతా కలిసి పడ్డారు.

"మా అన్న చెక్కు నా దగ్గర, నాది ఆయన దగ్గర. ఆ తరవాత ఆయన నాతో మాట్లాడలేదు. చనిపోయినప్పుడు కూడా నన్ను పిలవలేదు" అన్నాడు బాబా. నేను ఖాళీ డబ్బా కేసి చూస్తూ నిలబడ్డాను. అప్పటిదాకా అది నాకు ముసలాయన చాదస్తంగా కనిపించేది.

బాబా పెద్దకొడుకుది వేరే కాలం. షేర్లు పెరుగుతున్న రోజులవి. కప్పు ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకునే మనుషులు దివానియా నిండా ఉండేవాళ్ళు. ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టి షేర్లు కొనాలని కొడుకు ఆరాటం. ఇల్లు బాబా పేరు మీద ఉంది. బ్యాంకు మనిషి కాగితాలతో మూడుసార్లు వచ్చాడు. బాబా వినేవాడు, తలూపేవాడు, సంతకం దగ్గరికి వచ్చేసరికి "ఈ గదిలో కలం లేదు గదా" అనేవాడు. వాళ్ళు నవ్వి లేచిపోయేవాళ్ళు. కాదనడానికి ఆయనకు దొరికిన మర్యాద అది.

బ్యాంకు మనిషి నాలుగోసారి వచ్చినప్పుడు కొడుకు నన్ను వంటింటి పక్కకు పిలిచాడు. "మా నాన్న ఒప్పుకున్నట్టే. నేనిస్తే మాత్రం కలం పట్టుకోడు. నువ్వు గహ్వా పళ్ళెంలో పెట్టి తీసుకురా, నీ మీద ఆయనకు నమ్మకం" అన్నాడు. నేను కప్పులు తుడుస్తున్నాను. "నీ భార్యను ఈ ఇంటికి మార్పిస్తాను. వాళ్ళ మామాతో నేను మాట్లాడతాను. మూడు వారాలు చాలు" అన్నాడు.

ఆ మాటతో నా బుద్ధి ఎటు పోయిందో నాకే తెలియదు. పొద్దున పది గంటలు. బ్యాంకు మనిషి పెన్ను డబ్బాలోనే ఉంది, బంగారు క్లిప్పుతో మెరుస్తోంది. అది తియ్యడానికి చెయ్యి రాలేదు. నమ్మి ఇచ్చిన సొత్తు కదా. నా పెన్ను తీసి పళ్ళెంలో కప్పుల పక్కన పెట్టాను, ఏదో పెద్ద నీతిమంతుడిలా. నమ్మిన మనిషి గొంతు కోస్తూ పరాయి కత్తి ముట్టుకోలేదని సంతోషపడ్డ మొనగాణ్ణి నేను.

బాబా పళ్ళెం కేసి చూశాడు. తరవాత నా కేసి చూశాడు. నేను కూజా మూత సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆయన కప్పు తీసుకున్నాడు, తాగాడు, ఊపాడు. ఆ తరవాత నా పెన్ను పట్టుకుని మూడు చోట్ల సంతకం పెట్టాడు. కప్పులు సర్దుకుని వంటింట్లోకి వచ్చి చూస్తే పళ్ళెంలో పెన్ను లేదు.

మళ్ళీ పోయి దిండ్ల కింద వెతికాను. తివాచీ అంచులెత్తి చూశాను. కొడుకును అడిగితే "పెన్నుకేముంది, ఇంకోటి కొనుక్కో" అన్నాడు. బ్యాంకు మనిషి పట్టుకుపోయాడని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక బాబా ఎప్పటిలాగే అడిగాడు. "అందరి కలాలూ ఇచ్చేశావా?" అదే మాట, అదే గొంతు. నేను డబ్బా వంచి చూపించాను. ఇచ్చేశానన్నాను.

కొడుకు మాట తప్పలేదు. మూడు వారాల్లో నా భార్య ఒక సంచీ, ఒక దుప్పటితో ఆ ఇంటి గుమ్మంలో దిగింది. మేడ మీద మాకు చిన్న గది ఇచ్చారు. ఆమె ఊరి నుంచి తెప్పించుకున్న రాగిపిండితో సంగటి కెలికి, పల్లీల ఊరుబిండి నూరి పెడితే ఇద్దరం ఒకే తట్టలో తిన్నాం. "ఇంత మంచి వీసా మనకెట్ల దొరికె?" అని అడిగింది. "బాబా కొడుకు మంచోడు మే" అన్నాను. ఇంకోరోజు నా చొక్కా ఉతుకుతూ, "నేను పేనిన దారం పెన్నుకు కట్టింటివి గదా, యాడబోయె?" అంది. పోయిందన్నాను. "దారం గూడా బద్రంగా పెట్టుకోలేవు" అని నవ్వింది.

ఆ నవ్వు ఆ ఏడాది చివరిదాకే. రెండువేల ఎనిమిదిలో బజారు పడింది. మొదట అందరూ ఒకటి రెండు రోజుల సంగతన్నారు. తరవాత దివానియాలో టీవీ ముందు కూర్చున్న మనుషులు గహ్వా తాగడమూ మరిచారు, కప్పు ఊపడమూ మరిచారు. చల్లారిన కప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండేవాళ్ళు. పోయాలో వద్దో తెలియక నేను కూజాతో వాళ్ళ ముందు నిలబడేవాణ్ణి. కోర్టు బజారును కొన్నాళ్ళు ఆపించింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడింది. కొడుకు గదిలో నుంచి బయటికి రావడం మానేశాడు. ఒకసారి భోజనం తీసుకుపోతే మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను గాని రాలేదు, భయమే వచ్చింది.

పడ్డది ఒక్కరోజులో పడింది గాని, దాని కిందపడి నలగడం ఏళ్ళు పట్టింది. నాకు ఆ లెక్కంతా డబ్బాలోనే కనిపించేది. మంచి రోజుల్లో అందులో ముప్పై పెన్నులు పడేవి. మరుసటి వేసవికి ఆరు. ఆ మరుసటి ఏడాది రెండు. ఒకరిద్దరు పెన్ను తీసుకోవడం మరిచి వెళ్ళిపోయి మళ్ళీ రానేలేదు. ఆ పెన్నులు అడుగున అలాగే ఉండిపోయాయి. "ఇవి?" అని అడిగేవాడు బాబా. "మనుషులు రాలేదు బాబా" అనేవాణ్ణి.

తరవాత బ్యాంకు కోర్టుకు పోయింది. బాబా పేరు మీద కేసు పడింది. ఆయన దేశం దాటకూడదన్నారు, ఏ దఫ్తరులోనూ ఆయన కాగితం కదలదన్నారు. మా ఇద్దరి ఇఖామాలు ఒకే నెలలో అయిపోయాయి. కొత్తవి చేయించడానికి వెళ్ళిన మనిషి ఫైలు వెనక్కి తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఖలాస్. కేసు తీరేదాకా ఏమీ కాదు" అన్నాడు. ఇఖామా లేనివాడు పోలీసులకు దొరికితే జైలు, వేలిముద్రలు, మళ్ళీ ఈ దేశం ముఖం చూడలేడు. కొరివితో తల గోక్కోవడమంటే చిన్నప్పుడు మా అవ్వ తిట్టే తిట్టనుకున్నాను. నేను పళ్ళెంలో పెట్టి తీసుకుపోయిన పెన్నే మా ఇద్దరినీ కట్టేసింది.

నా భార్యకు పన్ను నొప్పి మొదలైంది. లవంగం నూనె పెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, దవడ వాచి కన్ను మూసుకుపోయింది. రాయచోటి సాయిబు ఒకాయన టాక్సీ తోలేవాడు, మాకు తెలిసినవాడు. ఆయన బండిలో ఆస్పత్రికి బయలుదేరాం. ఫింటాస్ దగ్గర రోడ్డు మలుపు తిరిగేసరికి ఎదురుగా పోలీసులు బండ్లు ఆపుతున్నారు. వెనక్కి తిప్పడానికి లేదు. ముందు నాలుగు బండ్లు, వెనక ఎన్నో.

"అక్కా, బయపడగాకు. కొంగు ముకానికి అడ్డం పెట్టుకో. నొప్పితో ఉండావు గదా, అట్లే మూలుగుతా ఉండు" అన్నాడాయన. ఇఖామా లేనివాళ్ళను ఎక్కించుకున్నందుకు ఆయన బతుకూ పోతుంది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. పోలీసాయన కిటికీలోకి వంగి డ్రైవర్ కార్డు చూశాడు, నా కార్డు అడిగాడు. తేదీ దాటి ఏడు నెలలైన కార్డు తీసి ఇవ్వబోయాను. అంతలో వెనక ఒక బండి వరుస తప్పించి రోడ్డు దిగి పరుగుపెట్టింది. పోలీసాయన విజిల్ వేసుకుంటూ అటు ఉరికాడు. ఇంకొకాయన మమ్మల్ని చేత్తో తోలేశాడు. "యల్లా, యల్లా" అన్నాడు.

ఆస్పత్రికి పోలేదు. తిరిగి ఇంటికే వచ్చాం. నా భార్య మేడ మెట్ల మీద కూలబడిపోయింది. "మనమేం పాపం జేసినామయ్యా? ఎవురికి ద్రోగం జేసినామని మనకీ కర్మ?" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె నన్ను ఏ కళ్ళతో చూస్తుందోనని మింగేశాను. ఆ రోజు తరవాత మూడేళ్ళకు పైగా ఆమె ఆ గేటు దాటలేదు. ఆ పన్ను నోట్లోనే ముక్కలై రాలిపోయింది. ఊళ్ళో వదిలి వచ్చిన మా కూతురు పెద్దమనిషయితే ఫోన్లో పాటలు విని ఊరుకుంది. గేటు గంట మోగినప్పుడల్లా వంటింట్లో పొయ్యి ఆపి గిడ్డంగి గదిలోకి పోయేది. రొట్టెలవాడు వచ్చినా పోయేది.

నా భయం రెండు రకాలు. పగలంతా పోలీసుల భయం, సాయంత్రం బాబా అడిగే మాట భయం. రావడానికి ఎవరూ లేకపోయినా ఆయన దివానియాలో కూర్చునేవాడు. ఒక్క కప్పు తాగేవాడు, ఊపేవాడు, లేచేముందు అడిగేవాడు. "అందరి కలాలూ ఇచ్చేశావా?" గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయేది.

చివరికి ఇల్లు అమ్మేశారు. బ్యాంకు బాకీ తీరింది, కేసు కొట్టేశారు. బాబా ఫింటాస్‌లో ఒక అద్దె ఫ్లాటుకు మారాడు. మెట్ల మీద మనవాళ్ళ పోపు వాసన, కేరళవాళ్ళ చేపల వాసన వచ్చే బిల్డింగు. అంత ఇంట్లో బతికిన మనిషి లిఫ్టులో మాలాంటివాళ్ళతో ఇరుక్కుని నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు. అక్కడా ముందు గదిని దివానియా అన్నాడు. స్టూలూ డబ్బా గుమ్మం పక్కనే పెట్టించాడు.

ఇద్దరు పనివాళ్ళను పోషించే స్థితి ఆయనకు లేదు. నాకు ఈ గోదాంలో పని దొరికింది, నా భార్యకు ఒక టీచరమ్మ ఇంట్లో. ఇఖామా లేని రోజులకు పడ్డ మా జరిమానా కూడా ఆయనే కట్టాడు. ఇక మమ్మల్ని వేరే కఫీల్‌కు వదులుతున్నట్టు ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. అది పెడితే మేం మళ్ళీ మనుషులం. కాగితాలు ముందు పెట్టాం. నేను పెన్ను తేలేదు. తేగలనా? బాబా పక్కనున్న మందుల పెట్టె తెరిచాడు. మాత్రల అడుగు నుంచి ఒక నీలం పెన్ను తీశాడు. దాని నడుముకు నల్లదారం, అందులో ఒక ఎర్ర పోగు.

తలుపు దగ్గర నిలబడ్డ నా భార్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

బాబా కాగితం మీద గీశాడు. సిరా రాలేదు. ఇంకోసారి గీశాడు. పెన్ను నా వైపు చాపాడు. "ఎండిపోయింది. నీదే గదా, నువ్వే నడిపించు" అన్నాడు.

బడిలో చేసినట్టు రీఫిల్ బయటికి తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాను. వేడెక్కేదాకా రుద్దాను. నా భార్య కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయని తల ఎత్తకుండానే తెలుస్తోంది. నా చెప్పు అడుగున గీస్తే నీలం గీత పడింది. పెన్ను బిగించి ఆయన చేతికిచ్చాను. ముందు నా భార్య కాగితం మీద, తరవాత నా కాగితం మీద సంతకం పెట్టాడు.

"తెలిసీ ఇన్నేళ్ళు ఎందుకు ఏమీ అనలేదు బాబా?" అన్నాను.

"ఇల్లు తాకట్టు పెట్టిన రోజు కలం నువ్వు తెచ్చావు, నేను పట్టుకున్నాను. ఆ మనాఖ్ బజారులో కూడా ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకుని రాయించలేదు" అన్నాడు. కాగితాలు నా వైపు జరిపి, "అందరి కలాలూ ఇచ్చేశావా?" అని అడిగాడు.

"ఇచ్చేశాను బాబా."

"ఒకటి మిగిలింది. పోయేవాడి కలం వాడికిచ్చి పంపాలి" అని నా పెన్ను నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

లిఫ్టులో ఇద్దరమే. నా భార్య గోడ కేసి తిరిగి నిలబడింది. కింద తలుపు తెరుచుకునే ముందు, "ఆయప్పకు ఆ పొద్దునుంచీ తెల్సు. నాకొక్కదానికే తెల్దు" అంది. నా చేతిలో నుంచి పెన్ను తీసుకుని, దారం ముడి పళ్ళతో విప్పి, పెన్ను నాకు తిరిగిచ్చింది. దారం తన దగ్గర పెట్టుకుంది. ఇంతవరకూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.